సోలార్ రేసు పడవ హల్: స్ప్రింట్‌కూ రెండు గంటల పరుగుకూ ఒకే ఆకారం కుదురుతుందా?

సూర్యనౌక_ఒహాయో
మా విశ్వవిద్యాలయ జట్టు వచ్చే సోలార్ స్ప్లాష్ పోటీకి కొత్త పడవ కడుతోంది. హల్, అంటే నీటిలో తేలే పడవ దేహం, దాని రూపకల్పన బాధ్యత నా మీద పడింది. ఈ పోటీ సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను: ఒకే పడవ మూడు రకాల పరుగులు చేయాలి. బ్యాటరీ బలంతో 300 మీటర్ల స్ప్రింట్ ఒకటి, మలుపులు తిరిగే స్లాలమ్ ఒకటి, సౌర ఫలకాల మీదా బ్యాటరీ మీదా ఆధారపడి రెండు గంటలు సాగే ఎండ్యూరెన్స్ ఒకటి. మా పడవ పొడవు ఆరు మీటర్లు. మనిషి, 45 కిలోల సీసం బ్యాటరీలు, 480 వాట్ల ఫలకాలు, మోటారు అన్నీ కలిపి దాదాపు 200 కిలోలు తూగుతుందని అంచనా.

జట్టులో సగం మంది అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉండి నీటి మీద లేచి జారే పడవ కావాలంటున్నారు. మిగిలిన సగం మంది సూదిలాంటి సన్నని హల్ కావాలంటున్నారు. కిందటి ఏడాది పాత ఫిషింగ్ బోటు అచ్చులో పోసిన హల్ వాడారు. స్ప్రింట్‌లో పరవాలేదనిపించింది కానీ, ఎండ్యూరెన్స్‌లో ముక్కు పైకెత్తి, వెనుక నీటిని గుట్టగా ఈడ్చుకుంటూ పోయింది. ప్రతి సమావేశమూ వాదనతోనే ముగుస్తోంది. ఏ పుస్తకం తెరిచినా పెద్ద ఓడల గురించో, వందల హార్స్‌పవర్ మోటారు బోట్ల గురించో ఉంటుంది తప్ప, అర కిలోవాటుతో నడిచే పడవ గురించి ఎవరూ రాయడం లేదు. అసలు ఏ ప్రాతిపదిక మీద తేల్చుకోవాలి?

గట్టుమీది_కాకి
రెండు వర్గాలకూ చెరో పడవ కట్టించి, ఓడినవారిచేత ఫలకాలు తుడిపించండి.

విశాఖ_నౌకాశిల్పి
కాకి గారి సలహాకు నిధులుంటే అభ్యంతరం లేదు. లేనిపక్షంలో ఆకారం గురించి వాదించే ముందు, ఎంత శక్తి ఉంది, దానితో ఎంత వేగం వస్తుంది అన్న లెక్క తేల్చుకోవాలి.

480 వాట్ల ఫలకాల నుంచి ఆచరణలో 400 వాట్లు వస్తాయనుకుందాం. 45 కిలోల సీసం బ్యాటరీని రెండు గంటల్లో ఖాళీ చేస్తే దాదాపు ఒక కిలోవాట్-అవర్ దక్కుతుంది, అంటే ఆ రెండు గంటలూ సగటున 500 వాట్లు. మొత్తం 900 వాట్లు. కంట్రోలర్, మోటారు, ప్రొపెల్లర్ నష్టాలన్నీ పోగా అరవై శాతం మిగిలితే, నీటిని తోయడానికి దక్కేది 540 వాట్లు. మీ హల్ ఈ 540 వాట్ల చుట్టూ రూపుదిద్దుకోవాలి.

ఇక నిరోధం. 200 కిలోల బరువును ఆరు మీటర్ల పొడవున అర్ధవృత్తాకారపు అడ్డుకోతతో మోస్తే, మధ్యలో వెడల్పు 38 సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది, నీటిలో తడిసే ఉపరితలం సుమారు 2.7 చదరపు మీటర్లు ఉంటుంది. సెకనుకు 4 మీటర్ల వేగంలో, అంటే గంటకు 14.4 కిలోమీటర్లకు, ఓడల లెక్కల్లో వాడే 1957 నాటి ఐటీటీసీ ఘర్షణ సూత్రం ప్రకారం 55 న్యూటన్ల ఘర్షణ వస్తుంది. వేగాన్ని పడవ పొడవుతో పోల్చి చెప్పే ఫ్రూడ్ సంఖ్య అక్కడ 0.52. అలల వల్ల కలిగే నిరోధం గరిష్ఠానికి చేరే ప్రాంతం సరిగ్గా అదే. ఇంత సన్నని హల్‌కు కూడా అది ఘర్షణకు దగ్గరగా వస్తుంది. రెండూ కలిపి 110 న్యూటన్లు అనుకుంటే 440 వాట్లు కావాలి. మీ దగ్గర 540 ఉన్నాయి. అందువల్ల ఎండ్యూరెన్స్‌లో గంటకు 15 కిలోమీటర్లు సన్నని హల్‌తో సాధ్యమే.

బల్లపరుపు హల్‌ను ఇదే వేగంలో నడిపితే, అది నీటి మీదికి లేవదు. తడిసే ఉపరితలం 4 చదరపు మీటర్లు దాటుతుంది. దానికి తోడు వెనుక నిలువు పలక, అంటే ట్రాన్సమ్, నీటిలో మునిగి సుడులు రేపుతుంది. మీరు చూసిన గుట్ట అదే.

వేగమే_వేదం
మాస్టారూ, ఎండ్యూరెన్స్ లెక్క బాగుంది గానీ స్ప్రింట్‌ను మీరు పూర్తిగా వదిలేశారు. నేను స్పీడ్ బోట్ల మరమ్మతు చేసేవాడిని. బల్లపరుపు అడుగు ఒక్కసారి ప్లేనింగ్‌లోకి, అంటే నీటి మీద లేచి జారడంలోకి, వెళ్లిందంటే నిరోధం బరువులో ఏడో వంతుకు పడిపోతుంది. ఫలకాలు తీసేసి 170 కిలోలతో పరుగెత్తితే 240 న్యూటన్లు చాలు. సూది హల్‌ను ఎంత తోసినా నీటిలోనే ఉంటుంది కదా?

విశాఖ_నౌకాశిల్పి
వదిలేయలేదు, అక్కడికే వస్తున్నాను. సెకనుకు 9 మీటర్ల వేగం తీసుకోండి. ప్లేనింగ్ హల్‌కు మీరన్న 240 న్యూటన్లు, అంటే 2.1 కిలోవాట్లు. సన్నని హల్‌కు ఘర్షణ 245 న్యూటన్లు. అంత వేగంలో అలల నిరోధపు వంతు బాగా తగ్గిపోతుంది కనుక మొత్తం 330 న్యూటన్లకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే 3 కిలోవాట్లు. ఫలకాల బరువు తీసేసిన లాభాన్ని నేను సన్నని హల్‌కు ఇంకా ఇవ్వనే లేదు.

అర నిమిషం పాటు ఆ అదనపు కిలోవాటును బ్యాటరీ ఇవ్వగలదు. రెండు గంటల పాటు బల్లపరుపు హల్ అడిగే అదనపు శక్తిని ఎవరూ ఇవ్వలేరు. స్ప్రింట్‌లో చెల్లించే మూల్యం చిన్నది, ఎండ్యూరెన్స్‌లో చెల్లించేది పెద్దది. పైగా ఆ పోటీలో ఎక్కువ పాయింట్లు ఎండ్యూరెన్స్‌కే ఉన్నాయి.

సూర్యనౌక_ఒహాయో
ఈ పోలిక మా సమావేశాల్లో ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు. అయితే 'హల్ స్పీడ్' అన్న సూత్రం ప్రకారం ఆరు మీటర్ల పడవకు గంటకు 11 కిలోమీటర్లే గరిష్ఠమని మా అధ్యాపకుడు గట్టిగా చెబుతున్నారు. మీరు 15 అంటున్నారు.

లెక్కల_లలిత
ఆ సూత్రం బరువైన, వెడల్పైన పడవలను చూసి పుట్టింది. పడవ రేపే అల పొడవు పడవ పొడవుతో సమానమయ్యే వేగాన్ని మాత్రమే అది చెబుతుంది. పొడవుకు మించిన బరువున్న పడవ ఆ అలను ఎక్కలేక నిలిచిపోతుంది. పొట్ట సన్నగా, బరువు తక్కువగా ఉన్న హల్ రేపే అలే చిన్నది కాబట్టి దాన్ని దాటి పోతుంది. పొడవును, పడవ తొలగించే నీటి ఘనపరిమాణపు ఘనమూలంతో భాగించి చూడండి. మీకు 10 దాటి వస్తుంది. మామూలు పడవ పందాల డింగీలకు వచ్చే దానికంటే ఇది చాలా ఎక్కువ. రోయింగ్ పందెపు షెల్ పడవలు ఆ హద్దును రోజూ దాటుతూనే ఉంటాయి.

గట్టుమీది_కాకి
మీ అధ్యాపకుడి చేతికి ఒక తెడ్డు ఇచ్చి షెల్ పడవలో కూర్చోబెట్టండి, సూత్రం ఆయనే సవరించుకుంటారు.

తాళ్ళరేవు_వడ్రంగి
మా తాతల నాటి నుంచి కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క పడవలు కట్టే కుటుంబం మాది. లెక్కలు నాకు అంతగా పట్టవు గానీ ఒక్క అనుమానం ఉంది. 38 సెంటీమీటర్ల వెడల్పు, గుండ్రటి అడుగు అంటున్నారు. దాని మీద మనిషి కూర్చుంటాడు, అతని నెత్తిన రెండు చదరపు మీటర్ల పైచిలుకు ఫలకాలు ఉంటాయి. రేవు దాటకముందే బోర్లా పడదా?

విశాఖ_నౌకాశిల్పి
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే. పడిపోతుంది. అర్ధవృత్తాకారపు కోత ఉన్న హల్ ఎటు ఒరిగినా నీటిలో అదే ఆకారం కనిపిస్తుంది కాబట్టి, దాని మెటాసెంటర్, అంటే ఒరిగినప్పుడు నీరు పైకి తోసే బలపు గీత పడవ మధ్యరేఖను కలిసే బిందువు, కదలకుండా వృత్త కేంద్రంలోనే, అంటే నీటి మట్టం దగ్గరే ఉండిపోతుంది. మొత్తం బరువు గరిమనాభి నీటి మట్టానికి కిందుంటేనే అది నిలబడుతుంది. మనిషి కూర్చున్న పడవలో అది అసాధ్యం.

నీటి మట్టం దగ్గరి వెడల్పును పెంచడమే దారి. స్థిరత్వం వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 38 సెంటీమీటర్లను 60 చేస్తే వెడల్పు వల్ల వచ్చే స్థిరత్వం దాదాపు నాలుగు రెట్లవుతుంది. దానికి బదులుగా తడిసే ఉపరితలం కొంత పెరుగుతుంది, దాన్ని భరించాల్సిందే. నీటి మట్టానికి పైన అంచులను బయటికి వాల్చి కడితే, ఒరిగినప్పుడు మాత్రమే ఆ వెడల్పు నీటిలో దిగి ఆదుకుంటుంది, నిటారుగా ఉన్నప్పుడు ఖర్చు ఉండదు.

కొచ్చి_కాపురం
ఇంత కష్టపడే బదులు క్యాటమరాన్ ఎందుకు కట్టకూడదు? నేను ఉద్యోగరీత్యా కొచ్చిలో ఉంటున్నాను. 2017 జనవరి నుంచి వైకోం, తవణక్కడవు రేవుల మధ్య వెంబనాడు సరస్సు మీద తిరుగుతున్న 'ఆదిత్య' సౌర ఫెర్రీ క్యాటమరానే. 20 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 75 మంది ప్రయాణికులు. రెండు సన్నని హల్‌లు, మీద విశాలమైన కప్పు, కప్పు నిండా ఫలకాలు. 2012 మే నెలలో ప్రపంచాన్ని చుట్టి మొనాకో చేరిన 'ప్లానెట్ సోలార్' కూడా బహుళ హల్‌ల పడవే, దాని మీద 537 చదరపు మీటర్ల ఫలకాలు పరిచారు. సౌరశక్తికి వైశాల్యం కావాలి, వైశాల్యానికి రెండు హల్‌లు కావాలి.

లెక్కల_లలిత
కొచ్చి_కాపురం గారి ఉదాహరణలు రెండూ నిజమే, కానీ అవి రేసు పడవలు కావు. ఒకే బరువును ఒకే పొడవున్న రెండు హల్‌లకు పంచితే, కోత ఆకారం మారనప్పుడు, తడిసే ఉపరితలం రెండు వర్గమూలం రెట్లవుతుంది, అంటే 41 శాతం ఎక్కువ. విశాఖ_నౌకాశిల్పి గారి 2.7 చదరపు మీటర్లు 3.8 అవుతాయి. ఒక్కో హల్ ఇంకా సన్నబడటం వల్ల అలల నిరోధం తగ్గుతుంది, అది నిజమే. కానీ రెండు హల్‌ల అలలు మధ్యలో కలుసుకుని ఒకదాన్నొకటి పెంచుకునే ప్రమాదం ఉంది కాబట్టి, వాటి మధ్య దూరాన్ని కూడా లెక్కించాలి. ఆదిత్యకు 75 మందిని, కప్పు నిండా ఫలకాలను మోసే వేదిక కావాలి. ఈ పిల్లలకు 480 వాట్లకు రెండున్నర చదరపు మీటర్లు కూడా అక్కర్లేదు. అది ఒక్క హల్ మీద సులువుగా పడుతుంది.

కొచ్చి_కాపురం
ఒప్పుకున్నాను, కానీ పూర్తిగా కాదు. మీరు 38ని 60 చేసినప్పుడు పెరిగే ఉపరితలాన్ని కూడా లెక్కలో కలిపితే, ఆ 41 శాతం తేడా అంత ఉండదు. నిలబెట్టడం కష్టమైన హల్‌ను నిలబెట్టడానికి నడిపేవాడు చుక్కానిని అటూ ఇటూ తిప్పుతూ ఉంటే పోయే శక్తిని ఎవరు లెక్కించారు? మొనాకో యాట్ క్లబ్ నిర్వహించే ఎనర్జీ బోట్ పోటీలో, ఎనర్జీ విభాగం జట్లకు నిర్వాహకులే క్యాటమరాన్ హల్‌లు ఇస్తారు. అక్కడికి కోయంబత్తూరు విద్యార్థులు కూడా వెళ్లి వచ్చారు. విద్యార్థుల చేతికి ఇవ్వడానికి వాళ్లు బోర్లా పడని పడవనే ఎంచుకున్నారు, గమనించండి.

విశాఖ_నౌకాశిల్పి
చుక్కాని గురించి మీరన్నది సబబే. కాబట్టి మధ్యేమార్గం కూడా చెబుతాను. ప్రధాన హల్ సన్నగా ఉంచి, ఇరువైపులా నీటిని తాకీ తాకనట్టుండే చిన్న తేలుడు బొడిపెలను చేతుల్లా చాచిన కర్రల మీద నిలపవచ్చు. నిటారుగా ఉన్నంతసేపూ అవి గాలిలో ఉంటాయి. అయితే స్లాలమ్ మలుపుల్లో బయటివైపు బొడిపె నీటిలో దిగి పడవను తనవైపు లాగుతుంది. మలుపులు తిరిగే పోటీకి నేనైతే వెడల్పు పెంచిన ఒకే హల్ వైపు మొగ్గుతాను.

డెల్ఫ్ట్_తెలుగోడు
అందరూ నీటిలోనే ఉండిపోయారు. నెదర్లాండ్స్‌లో 2006లో ఫ్రీస్‌లాండ్ పదకొండు ఊళ్ల కాలువల మీద సౌర పడవల పందెం మొదలైంది. తొలినాళ్లలో ఎక్కువగా సన్నని హల్‌లే వచ్చేవి. తర్వాత డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం జట్టు లాంటివి హైడ్రోఫాయిల్, అంటే నీటి కింద రెక్క, అమర్చి, హల్‌ను పూర్తిగా నీటి పైకి లేపి పరుగెత్తించాయి. హల్ నీటిలో లేనప్పుడు దాని ఆకారం మీద ఇంత వాదన దేనికి?

గట్టుమీది_కాకి
హల్ మీద పెట్టిన చర్చకు "హల్ ఎందుకు" అని జవాబు వచ్చింది. ఇక చర్చను మూసేయవచ్చు.

లెక్కల_లలిత
మూసే ముందు ఒక లెక్క చేద్దాం. 200 కిలోలంటే 1,960 న్యూటన్ల బరువు. ఫాయిల్, దాని కాళ్లు అన్నీ కలిపి లేపే బలానికీ నిరోధానికీ నిష్పత్తి 15 సాధించారనుకుంటే, నిరోధం 130 న్యూటన్లు. సెకనుకు 5 మీటర్ల వేగంలో 650 వాట్లు కావాలి. ఎండ్యూరెన్స్‌లో వీళ్ల దగ్గర 540 ఉన్నాయి. అదే వేగంలో సన్నని హల్ నిరోధం కూడా ఇంచుమించు 120, 130 న్యూటన్ల దగ్గరే ఉంటుంది. అంటే ఇంత కొద్ది శక్తితో ఫాయిల్ వల్ల లాభం లేదు, పైకి లేవడానికి ముందు హల్, ఫాయిల్ రెండింటి నిరోధమూ ఒకేసారి మోయాల్సిన భారం మాత్రం ఉంది. శక్తి పెరిగేకొద్దీ తూకం ఫాయిల్ వైపు ఒరుగుతుంది: ఎగిరాక, వేగం పెరిగినా నిరోధం పెద్దగా పెరగదు, హల్‌కు మాత్రం వేగపు వర్గం ప్రకారం పెరుగుతూ పోతుంది.

డెల్ఫ్ట్_తెలుగోడు
నిష్పత్తిని 20కి తీసుకెళ్లిన జట్లు ఉంటే మీ లెక్క తిరగబడుతుంది. కానీ మొదటి పడవకే, ఒక్క ఏడాదిలో, ఎత్తును అదుపు చేసే యంత్రాంగంతో సహా చేయగలరా అంటే నేనూ వద్దనే అంటాను.

అయితే అక్కడి కాలువల నుంచి మీకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. లోతు తక్కువ నీటిలో అల ప్రయాణించగల గరిష్ఠ వేగం, లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీసినంత. మీటరున్నర లోతుకు అది సెకనుకు 3.8 మీటర్లు. మీరు పరుగెత్తాలనుకుంటున్న వేగం సరిగ్గా అక్కడే ఉంది. ఆ వేగం చుట్టూ అలల నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి లోతు తక్కువ చెరువులో పరీక్షించి, ఫలితం చూసి హల్ బాగాలేదని విసిరేయకండి. మీ పరీక్షకు కనీసం పడవ పొడవులో సగం లోతున్న నీరు వెతకండి.

తాళ్ళరేవు_వడ్రంగి
ఈ మాట మా కాలువల మీద పడవ నడిపేవాళ్లకు బాగా తెలుసు. లోతు తగ్గిన చోటికి రాగానే పడవ వెనుక భాగం కిందికి కూర్చుంటుంది, ఇంజను శబ్దం మారుతుంది, గట్టున నీళ్లు ఎగదన్నుతాయి. వాళ్లు వెంటనే వేగం తగ్గిస్తారు, లేకపోతే చేపల వలల వాళ్లు ఊరుకోరు.

వోల్టు_వెంకన్న
ఫలకాల గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతాను. అది కూడా హల్ విషయమే. డెక్ గుండ్రంగా వంచి, దాని మీద ఫలకాలను అతికిస్తే చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకే వరుసలో కలిపిన కణాలన్నింటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది. వంపులో ఒక వైపు కణం సూర్యుడికి పక్కకు తిరిగి ఉంటే, వరుస మొత్తం దాని స్థాయికి పడిపోతుంది. నడిపేవాడి తల నీడ పడినా అంతే. డెక్ కచ్చితంగా వంపుగానే ఉండాలంటే, వరుసలను పడవ పొడవునా, ఒకే కోణంలో ఉన్న కణాలను ఒకే వరుసలో కలిపి వేయండి.

సూర్యుడి వైపు వాల్చే యంత్రాంగం అక్కర్లేదు. మీరుండే ఒహాయో రాష్ట్రం 40 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి 17 డిగ్రీలే వాలి ఉంటాడు. బల్లపరుపుగా పరిచినా నష్టం 4 శాతం చుట్టూనే. అంతకంటే పెద్ద శత్రువు వేడి. సిలికాన్ ఫలకం ప్రతి డిగ్రీకీ 0.35 శాతం దాకా శక్తి కోల్పోతుంది. కణం 65 డిగ్రీలకు చేరితే, ప్రామాణిక 25 డిగ్రీలతో పోలిస్తే 14 శాతం పోయినట్టే. కాబట్టి ఫలకాన్ని డెక్‌కు అతికించకండి, కింద గాలి ఆడేలా రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉంచండి. ఆ ఎడాన్ని హల్ బొమ్మ గీసేటప్పుడే చూసుకోవాలి, తర్వాత చూసుకుంటే బరువు పైకి పోతుంది, స్థిరత్వం పోతుంది.

సూర్యనౌక_ఒహాయో
వోల్టు_వెంకన్న గారు చెప్పిన ఎడం మా బొమ్మలో లేదు, ఈ రోజే చేరుస్తాను. ఇప్పటిదాకా వచ్చిన సలహాలను బట్టి మాకు తోచింది ఇది: నీటి మట్టం దగ్గర 55 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు, ముందు సగం గుండ్రటి అడుగు, పైన బయటికి వాలిన అంచులు. వెనుక సగం దగ్గరే చిక్కు వస్తోంది. కానోలాగా వెనుక కూడా కోసుగా ముగించాలా, లేక ట్రాన్సమ్ పెట్టాలా?

వేగమే_వేదం
కోసు వద్దు. సెకనుకు 9 మీటర్ల వేగంలో గుండ్రటి వెనుక భాగం చుట్టూ నీరు వేగంగా వంపు తిరుగుతూ దాన్ని కిందికి లాగుతుంది. పడవ వెనుక కూర్చుండిపోయి ముక్కు ఆకాశం వైపు చూస్తుంది. మాస్టారి 330 న్యూటన్ల లెక్క అక్కడే చెల్లకుండా పోతుంది. వెనుక రెండు మీటర్లు అడుగును బల్లపరుపు చేసి, అంచులు పదునుగా ఉంచి, ట్రాన్సమ్ దగ్గర నీరు తెగిపోయేలా కట్టండి.

లెక్కల_లలిత
ఎండ్యూరెన్స్ వేగంలో ఆ ట్రాన్సమ్ మునిగి ఉంటే నష్టమని పైన విశాఖ_నౌకాశిల్పి గారు రాశారు, ఇప్పుడు మీరు అదే కట్టమంటున్నారు.

విశాఖ_నౌకాశిల్పి
ఇద్దరి మాటా నిలబెట్టవచ్చు. వేగమే_వేదం గారు చెప్పిన బల్లపరుపు వెనుక భాగం కట్టండి, కానీ ఎండ్యూరెన్స్ బరువులో ట్రాన్సమ్ కింది అంచు నీటి మట్టాన్ని సరిగ్గా తాకేలా గీయండి. తర్వాత మీ చేతిలో బ్యాటరీలున్నాయి. 45 కిలోల బ్యాటరీని ఒక మీటరు ముందుకు జరిపితే ఈ కొలతల హల్ దాదాపు అర డిగ్రీకి పైగా ముందుకు వాలుతుంది, వెనుక భాగం 3 సెంటీమీటర్లు లేస్తుంది. ఎండ్యూరెన్స్‌కు ముందుకు, స్ప్రింట్‌కు వెనక్కు. బ్యాటరీ పెట్టెకు పట్టాలు, మూడు నాలుగు చోట్ల బిగించే మరలు ఏర్పాటు చేయండి, కదిలితే ప్రమాదం. ఆ ఏడాది నిబంధనలు దీన్ని అనుమతిస్తున్నాయో లేదో ముందే నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి.

డెల్ఫ్ట్_తెలుగోడు
నడిపేవాడి ఆసనాన్ని కూడా అదే పట్టాల మీద పెట్టండి. బ్యాటరీ కంటే మనిషి బరువెక్కువ.

గట్టుమీది_కాకి
ఆసనం జారి మనిషి ముక్కు దాకా పోతే, పడవ ముందు మనిషి ముందా అని నిర్ణేతలు తగువుపడతారు.

తాళ్ళరేవు_వడ్రంగి
కట్టడం గురించి నాలుగు మాటలు. హల్ అడ్డుకోత ఆకారంలో కోసిన పలకలు నిలబెట్టి వాటి మీద సన్నని చెక్క బద్దలు పరిచి, లోపలా బయటా గాజు గుడ్డ, ఎపాక్సీ వేసే పద్ధతి మీకు సరిపోతుంది, అచ్చు ఖర్చు ఉండదు. అసలు పని నునుపు చేయడంలో ఉంది. చిన్న చెక్క ముక్కకు ఉప్పు కాగితం చుట్టి రుద్దితే గుంట గుంటగానే ఉంటుంది, దాని అడుగు కూడా నునుపవుతుంది తప్ప గుంట పోదు. ముప్పావు మీటరు పొడవున్న, కాస్త వంగే పలకకు కాగితం అంటించి, హల్ పొడవుకు ఏటవాలుగా, ఇద్దరు చెరో కొస పట్టుకుని రుద్దండి. మధ్య మధ్యలో దీపాన్ని హల్ పక్కన కింద పెట్టి చూడండి. గుంట ఉన్నచోట నీడ కనబడుతుంది. అరచేయి కళ్లకంటే ముందే పట్టేస్తుంది, కళ్లు మూసుకుని నిమరండి.

సూర్యనౌక_ఒహాయో
చివర అద్దంలా పాలిష్ పెట్టాలా? మా వాళ్లు కారు మైనం కొనేశారు కూడా.

లెక్కల_లలిత
అక్కర్లేదు. సెకనుకు 4 మీటర్ల వేగంలో సుమారు 25 మైక్రాన్ల కంటే చిన్న గరుకును నీరు గుర్తించదు. 400 నంబరు కాగితంతో తడిపి రుద్దితే చాలు. మైనం కారుకు వాడుకోండి. గంటలు మిగిలితే తాళ్ళరేవు_వడ్రంగి గారన్న గుంటల మీద ఖర్చు పెట్టండి, మెరుపు మీద కాదు.

ఆకారాన్ని పోల్చుకోవడానికి మిచ్‌లెట్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ వాడండి. సన్నని హల్‌ల అలల నిరోధాన్ని అది క్షణాల్లో ఇస్తుంది. ట్రాన్సమ్ మునిగిన హల్ దగ్గర మాత్రం దాని మాటను పూర్తిగా నమ్మకండి. పది ఆకారాలు దానిలో వడపోసి, మిగిలిన రెండింటిని నీటి ప్రవాహాన్ని వివరంగా లెక్కించే ఓపెన్‌ఫోమ్ ప్రోగ్రామ్‌లో నడపండి.

వేగమే_వేదం
కంప్యూటరు కంటే ఒక నమూనా కట్టి లాగితే నాకు నమ్మకం.

విశాఖ_నౌకాశిల్పి
రెండూ చేయండి. మా ఊళ్లో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవైన లాగుడు తొట్టి ఉంది. అక్కడా నమూనానే లాగుతారు, కాకపోతే దాని మీద నడిచే బండి ఉంటుంది. మీకు చెరువు, దారం, స్ప్రింగ్ తక్కెడ చాలు.

మూడో వంతు నమూనా అయితే పొడవు 2 మీటర్లు. బరువు ఇరవై ఏడో వంతు, అంటే 7.4 కిలోలు, అది కచ్చితంగా ఉండాలి, ఇసుక సంచులతో సరిచేయండి. వేగం మూడు వర్గమూలంతో తగ్గుతుంది: అసలు పడవ 4 మీటర్లకు నమూనా 2.3 మీటర్లు. అలలు సరిపోతాయి గానీ ఘర్షణ సరిపోదు. కాబట్టి నమూనా ఘర్షణను సూత్రంతో లెక్కించి, కొలిచిన దానిలోంచి తీసేసి, మిగిలినదాన్ని 27తో గుణించి, అసలు పడవ ఘర్షణను విడిగా కలపాలి. నమూనా ముక్కు దగ్గర ఇసుక రేణువుల పట్టీ ఒకటి అంటించండి. లేకపోతే చిన్న హల్ మీద నీరు పొరలు పొరలుగా, కలత లేకుండా జారి ఘర్షణ అసలుకంటే తక్కువగా చూపుతుంది, మీ హల్ అద్భుతమని మురిసిపోతారు.

సూర్యనౌక_ఒహాయో
లాగే పడవగా మా దగ్గర చిన్న మోటారు డింగీ ఉంది. నమూనాను దాని వెనుక కట్టవచ్చా?

విశాఖ_నౌకాశిల్పి
వెనుక వద్దు, అక్కడ నీళ్లు కలగిపోయి ఉంటాయి. డింగీ పక్కకు రెండు మీటర్లు చాచిన వెదురు బొంగు కట్టి, దాని కొసన, డింగీ ముక్కు రేపే అల ఇంకా చేరని చోట నమూనాను లాగండి. దారం నీటి మట్టానికి సమాంతరంగా ఉండాలి, లేకపోతే ముక్కును పైకి ఎత్తేస్తుంది. గాలి లేని తెల్లవారుజామున, ఒకే దారిలో అటొకసారి, ఇటొకసారి లాగి సగటు తీయండి. అంకెలు వచ్చాక ట్రాన్సమ్ ఎత్తు రెండు రకాలుగా మార్చి మళ్లీ లాగి, ఆ పట్టికను ఇక్కడ పెట్టండి, వేగమే_వేదం గారూ లలిత గారూ దాని మీద తేల్చుకుంటారు.

వేగమే_వేదం
పట్టికలో స్ప్రింట్ వేగం కూడా ఉండాలి. నమూనాకు అది సెకనుకు 5.2 మీటర్లు. మీ డింగీ అంత వేగం పోగలదో లేదో ముందు చూసుకోండి.